తొమ్మిది స్టాంపుల ఎండాకాలం

ఎండాకాలంలో ఊరంతా తిరగడాన్ని మించిన భాగ్యం ఈ మనిషి జన్మకు మరొకటి లేదు! ఈ మాట ఎవరన్నారని వెతక్కండి. నేనే అంటున్నాను. దుప్పటిని దగ్గరి చుట్టంగా చూసుకునేవాణ్ణి, స్వెట్టరు విప్పమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు కంగారుపడేవాణ్ణి, చలికాలం వస్తుందంటే నెలముందు నుంచే సంబరపడేవాణ్ణి నేను. అలాంటివాడే ఒప్పుకుంటున్నాడంటే ఇక మీరు వాదించడం అనవసరం.

కర్టెన్లు దించుకుని, ఫ్యాను కింద కాళ్లు చాపుకుని, వానలు పడేదాకా ఎవరికీ కనపడకుండా ఉండటమే సుఖమని కొందరు అపోహపడుతుంటారు. పదకొండేళ్లు నేనూ ఆ అజ్ఞానంలోనే బతికాను. ఎంత అమాయకత్వం! పడుకున్నవాడికి చెమట పడుతుందా? చెమట పట్టనివాడికి గాలి విలువ తెలుస్తుందా? గాలి విలువ తెలియనివాణ్ణి మనిషని ఎలా అంటాం?

నా కళ్లు తెరిపించినవాడు మా బావమరిది. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. బడిలో డ్రిల్లు మాస్టారు. ఎండాకాలం రాగానే బడికి తాళం వేస్తారు గానీ, డ్రిల్లు మాస్టారి నోట్లో ఈలకు తాళం వేసే ఏర్పాటు ఇంకా ఎవరూ చేయలేదు. పిల్లలు దొరకరు కాబట్టి వాడు పెద్దవాళ్ల మీద పడ్డాడు. మా వీధిలో ‘వేసవి వినోద సంఘం’ పెట్టి, అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యత్వ రుసుము వసూలు చేసేవాడు అన్నీ తానే అయ్యాడు. అందరికీ పసుపుపచ్చ టోపీలు పంచాడు. ప్రతి ఆదివారం ఒక విహారం. బయల్దేరేముందు ఈల, చేరాక ఈల, మధ్యలో తలకాయలు లెక్కపెట్టడానికి ఈల.

మీకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇంత గొప్ప అవకాశాన్ని వదులుకోకుండా నేను ఎలా చేరానని. దానికి కారణం మా ఆవిడ.

మా ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాల్లో తేదీ వేసే స్టాంపు ఉంటుంది చూడండి, చక్రాలు తిప్పితే తేదీ మారుతుంది, ఆ స్టాంపుకు ఆవిడే యజమానురాలు. ఎండాకాలం మొదట్లో ఒక రోజు ఇంటికి ఒక ఖాళీ కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద పది గళ్లు. ఒక విహారానికి వస్తే ఒక స్టాంపు. పది స్టాంపులు నిండితే, చలికాలంలో ఒక్కరోజు నేను ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తుంది.

ఈ బేరం విలువ మీకు తెలియదు. మా ఊరి చెరువు గట్టు మీద పొద్దున్నే పొగమంచు పడుతుంది. ఆ గట్టు మీద మేమిద్దరం ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలని నా కోరిక. మూడో మనిషి ఉండకూడదు. మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు. పెళ్లయ్యాక పదకొండు చలికాలాలు అడిగాను. పదకొండుసార్లూ ఆవిడ దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, మీకేమైనా మతిపోయిందా అని మళ్లీ ముక్కు లోపలికి లాక్కుంది.

అయితే కార్డు వెనకాల షరతులున్నాయి. ఒక్క ఫిర్యాదు చేస్తే ఒక స్టాంపు కొట్టివేత. నోటితో చేసినా, నిట్టూర్పుతో చేసినా, మొహంతో చేసినా ఒకటే లెక్క.

అందుకే చెబుతున్నాను, విహారాలన్నీ అద్భుతం!

మొదటి వారం పార్కులో సంగీత కచేరీ. ఇనప కుర్చీలు. మేము శ్రోతలం కదా అని ముందే, అంటే తెల్లారినప్పటి నుంచే, ఎండలో వేసి సిద్ధంగా ఉంచారు. మొదటి పాట ఎత్తుకోగానే అందరం కూర్చున్నాం. కూర్చున్న క్షణమే అందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. ఆ గాయకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన జీవితంలో జనం ఇలా లేచి నిలబడి గౌరవించడం ఇదే మొదటిసారట. మళ్లీ మళ్లీ కూర్చున్నాం, మళ్లీ మళ్లీ గౌరవించాం.

తర్వాతి వారం పడవ షికారు. చెరువు సరిగ్గా నడిమధ్యకు వెళ్లాక ఇంజను ఆగిపోయింది. నలభై నిమిషాలు! కంగారుగా దాటిపోయేవాళ్లకు చెరువులో నీళ్లు మాత్రమే కనిపిస్తాయి. మాకు ఒక్కొక్క అలతోనూ విడివిడిగా పరిచయమైంది. ఒంటికి కట్టిన లైఫ్ జాకెట్లు ఎంత మందమంటే, చలికాలంలో కూడా నాకు అంత మంచి బట్ట ఎవరూ కుట్టించలేదు.

జూ సంగతి చెప్పకపోతే పాపం. అక్కడ జంతువులన్నీ నీడపట్టున గుహల్లో పడుకున్నాయి. ఎండలో నిలబడి ఉన్న జీవులం మేమే. ఒక ఎలుగుబంటి మాత్రం లేచి వచ్చి, గుహ గుమ్మంలో కూర్చుని, పసుపు టోపీలు పెట్టుకున్న మమ్మల్ని చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి ఇంకో ఎలుగుబంటిని పిలుచుకొచ్చింది. టిక్కెట్టు ఎవరు కొంటేనేం? వినోదం ఎవరికో ఒకరికి అందిందా లేదా అన్నదే ముఖ్యం.

పూల ప్రదర్శనలో మొక్కలకు తడిగుడ్డల పందిరి, ఫ్యాన్లు. మాకు ఆరుబయట. మనిషి మొక్క కన్నా గట్టివాడన్న నమ్మకం నాకు ఆ రోజే కుదిరింది.

కొండెక్కిన రోజు మాత్రం కాలు జారింది. నిజంగా జారింది కాలు కాదు, నోరు. పైకి చేరగానే మా బావమరిది తలకాయలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని అందర్నీ మళ్లీ కిందికి దించాడు. తక్కువైన పెద్దమనిషి అసలు ఇంటి నుంచే బయల్దేరలేదని కిందికి వచ్చాక తెలిసింది. అప్పుడు నా నోట్లోంచి ‘ఉస్స్’ మని చిన్న శబ్దం వచ్చింది. మా ఆవిడ చేతిసంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. సైకిలు టైరు కూడా ఆ శబ్దం చేస్తుంది, దాన్ని ఎవరైనా ఫిర్యాదంటారా అని వాదించాను. స్టాంపు పోయింది. మరుసటి ఆదివారం అదే కొండ మళ్లీ ఎక్కి సంపాదించుకున్నాను.

అప్పటి నుంచి జాగ్రత్తపడి, ఎండ కన్నెర్ర చేసినప్పుడల్లా నవ్వడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు మొహానికి అతుక్కుపోయింది. మొన్న పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో పడుకుని నవ్వుతుంటే, ఈయనకు నొప్పి తెలియదు కాబోలని ఆయన మత్తు ఇవ్వకుండానే పన్ను పీకాడు. నేను నవ్వుతూనే ఉన్నాను.

ఇక తొమ్మిదో స్టాంపు విహారం. బావకు చలంటే ప్రాణం కదా, ఈసారి బావ కోసం అని మా బావమరిది మమ్మల్ని ఊరి చివర ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. జతలు జతలుగా చల్లగదిలోకి పంపాడు. జతకు రెండు నిమిషాలు, ఈలతో ప్రారంభం, ఈలతో సమాప్తం. తలుపు తీయగానే తెల్లటి పొగ. మనిషెత్తు ఐసు దిమ్మలు. పుట్టింటికి చేరినట్టు అనిపించింది నాకు. మా ఆవిడ చెంగు తల చుట్టూ కప్పుకుని, పళ్లు టకటకలాడిస్తూ నా పక్కనే నిలబడింది.

చలి పడదంటే సరే, ఎండలో తిరగడానికి ఎందుకంత పట్టుదల అని అక్కడ అడిగాను. పదకొండేళ్లలో మొదటిసారి అడిగాను.

“లైబ్రరీలో నా బల్ల దగ్గర కిటికీ లేదు,” అంది. “పగలంతా ట్యూబులైటే. చలికాలంలో నేను బయటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది. పనయ్యాక కూడా వెలుతురు మిగిలేది ఈ రెండు మూడు నెలలే. మీరేమో కర్టెన్లు దించేస్తారు.”

నాకు సిగ్గేసింది. ఐసు గదిలో చెవులు వేడెక్కిన మొదటి మనిషిని నేనే అయివుంటాను. ఏదో చెబుదామని నోరు తెరిచాను. బయట ఈల మోగింది.

పదో గడి దగ్గర ఆవిడ చిన్న మెలిక పెట్టింది. విహారం వద్దు, ఎండాకాలాన్ని పొగుడుతూ మీరు రాసే పత్రికలో ఒక వ్యాసం రాయండి చాలు, ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు అంది. మీరు ఇప్పటిదాకా చదివింది ఆ వ్యాసమే. నా నిజాయితీ మీద ఎవరికైనా అనుమానం కలిగిందా?

ఇంతవరకు రాసి ఆవిడ చేతికిచ్చాను. ఎర్రపెన్నుతో చదివింది. ఏడు చోట్ల గీత పెట్టింది. ఎలుగుబంటి దగ్గర పెట్టిన గీత అన్యాయమన్నాను. అక్కడ ఫిర్యాదు ఎవరికైనా ఉంటే అది ఎలుగుబంటికే ఉండాలన్నాను. ఐసు గది దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూత పెట్టేసింది. తర్వాత సంచిలోంచి స్టాంపు తీసి, చక్రాలు తిప్పి, పదో గడిలో టప్పున వేసింది.

“వస్తాను. రెండు శాలువాలు కప్పుకుంటాను, నవ్వకూడదు.”

నేను గాల్లో తేలుతుండగానే వీధి తలుపు దగ్గర ఈల వినిపించింది. మా బావమరిది! చేతిలో ఒక సంచి. అందులోంచి కుచ్చు వేలాడే పసుపుపచ్చ ఉన్ని టోపీ తీసి నా తలకు తొడిగి, వెనక్కి జరిగి అందం చూశాడు. అక్క మాటల్లో చెరువు గట్టు సంగతి వాడి చెవిన పడిందట. బావ ఒంటరిగా చలిలో నడవడమేమిటని వాడి గుండె కరిగిపోయిందట.

“నలభై సీట్ల బస్సు మాట్లాడేశాను బావా,” అన్నాడు. “పొద్దున్నే అయిదింటికి ఈల. గట్టు పొడుగునా మైకులు. చలికాల వినోద సంఘానికి అధ్యక్షుడివి నువ్వే.”

పాఠకులారా, నేను నవ్వాను. అలవాటైపోయింది కదా.

ఆ నవ్వులోనే నాకు జ్ఞానోదయమైంది. ఇన్నాళ్లూ పాపం ఎండను ఆడిపోసుకున్నాను. ఎండ నన్నేం చేసింది? ఎండ ఏనాడైనా ఈల వేసిందా? నా తలకాయ లెక్కపెట్టిందా? నేను సంతోషంగా ఉన్నానో లేదో రెండు నిమిషాలకోసారి మైకులో అడిగిందా? దాని పని అది చేసుకుంది. సూర్యుడికి ఇందుమూలంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇక నుంచి సాయంత్రం మా ఆవిడ ఇంటికి వచ్చే వేళకు కర్టెన్లు తీసే ఉంటాయి.

బస్సు తేదీని మా బావమరిది వీధి వీధంతా గోడల మీద అంటించాడు. నేను దిగాలుగా కార్డు తీసి, దక్కీ వృథాగా పోయిన ఆ పదో స్టాంపు వంక చూసుకున్నాను. అప్పటిదాకా దాని మీది తేదీ చదవనేలేదు. మిగతా తొమ్మిదీ ఎండాకాలపు ఆదివారాలు. పదోది మాత్రం ఎక్కడో నడి చలికాలంలో ఉంది. అది ఆదివారం కాదు, బస్సు తేదీ అంతకన్నా కాదు. పొరపాటున పడిందేమోనని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తమ్ముడికి మంచినీళ్లిస్తూ, బస్సుకు నలభై సీట్లు చాలవేమోరా అని దిగులుపడుతోంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ మనిషి ఒక్క తేదీ తప్పు వేసి ఎరగదు.

ఆ తేదీ ఏమిటంటారా? అడక్కండి. మా బావమరిది ఈ పత్రిక వదలకుండా చదువుతాడు.