రెండో నంబరు రిసార్టు

మంత్రిగారు శీతాకాలపు సెలవులకు ఎంపిక చేసుకున్న సముద్రతీరపు రిసార్టు భూమ్మీద ఎక్కడా లేదన్న సంగతి, ఆయన బయలుదేరడానికి సరిగ్గా మూడు రోజుల ముందు సెక్షన్ సూపరింటెండెంటుకు తెలిసింది.

సూపరింటెండెంటు ఫోను చేసింది పరుపు కోసం. వంతెనల శాఖ మంత్రిగారికి నడుంనొప్పి. గట్టి పరుపు వేయించమని చెబుదామని ఫైల్లో ఉన్న నంబరు తిప్పాడు. అవతలి మనిషి ఓపిగ్గా అంతా విని, "పరుపులుండవు సార్. ఇది చేపలకి ఐసు వేసే ఫ్యాక్టరీ. మంత్రిగారిని ఎన్నాళ్ళు ఉంచాలి?" అని అడిగాడు.

సూపరింటెండెంటు ఫోను పెట్టేసి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, ఫైలు మొదటినుంచి చివరిదాకా చదివాడు. అంతకు ముందు దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. సంతకాలు మాత్రం పదకొండు ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, 'సరిచూడబడినది' అన్న మాట పక్కన ఉన్నది ఆయనదే. పైన పది సంతకాలుండగా తను చూసేదేముందని పెట్టేశాడు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో మచ్చ లేదు. మచ్చ పడేంత పని ఆ సెక్షన్లో ఎవరూ చేసి ఎరగరు.

ఆ శాఖలో ఒక పద్ధతి ఉంది. దేన్నయినా సరే, ఒక్కదాన్నే చూపించి మంజూరు చేయించకూడదు. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఇటొకటీ అటొకటీ పెట్టి పోల్చాలి. గోడకు మేకు కొట్టాలన్నా రెండు మేకులు పోటీ పడాల్సిందే. మంత్రిగారి సెలవుకూ అలాగే గీత గీశారు. ఎడమ పక్కన ఒకటో నంబరు రిసార్టు: పాలరాతి స్నానాలగది, ఈతకొలను, మెత్తటి ఇసుక, మంచం మీంచే సముద్రం. కుడి పక్కన రెండో నంబరు: సున్నం గోడలు, ఈతకొలను లేదు, ఇసుక గరుకు, సముద్రం కాస్త నడక.

మంత్రిగారు విలేకరుల్ని పిలిచి మరీ రెండోదాన్ని ఎంచుకున్నారు. ప్రజలు చాపల మీద పడుకుంటుంటే తన ఒంటికి పాలరాయి గుచ్చుకుంటుందని సెలవిచ్చారు. ఒక పత్రిక ఆయన నిరాడంబరత మీద సంపాదకీయం రాసింది. ఇంకో పత్రిక ఒకడుగు ముందుకేసి రెండో నంబరు రిసార్టు ఫోటో వేసింది. ఫోటోలో సముద్రం చాలా స్పష్టంగా పడింది.

లేని రిసార్టును ఫైల్లోకి ఎక్కించిందెవరు? అది తేలకపోతే నేరం వచ్చి అడుగున ఉన్న సంతకం నెత్తిన పడుతుంది. సూపరింటెండెంటు జీవితంలో మొదటిసారి ఒక పనిని అదే రోజు మొదలుపెట్టాడు.

ముందు ఇంజినీరు దగ్గరికి వెళ్ళాడు. రెండు రిసార్టులూ స్వయంగా చూసి వచ్చి పద్నాలుగు పేజీల నివేదిక రాసిన వ్యక్తి ఆయన. రెండోదాని గేటు ఏ దిక్కున ఉందని సూపరింటెండెంటు నెమ్మదిగా అడిగాడు.

"రిపోర్టులో ఏ దిక్కు రాస్తే ఆ దిక్కునే ఉంటుంది," అన్నాడు ఇంజినీరు. తర్వాత గొంతు తగ్గించి, "అడుగున మీరు సరిచూస్తారు కదాని, వెళ్ళకుండానే ధైర్యంగా వెళ్ళొచ్చానని రాసేశానండీ," అన్నాడు.

భద్రతాధికారి అసలు తొణకలేదు. ఆ రిసార్టులోకి బయటివాళ్ళు ఒక్కరు కూడా చొరబడే వీల్లేదని తను రాసిచ్చిన మాట ఇప్పటికీ అక్షరాలా నిజమనీ, కాదన్నవాణ్ణి చొరబడి చూపించమనీ సవాలు చేశాడు.

శాఖ కార్యదర్శి విషయం వినగానే లేచి తలుపు వేసి వచ్చారు. పేపరువెయిట్ తిప్పుతూ అడిగారు.

"ఆ రిసార్టు లేదని ఫైల్లో ఎక్కడన్నా రాసి ఉందా?"

"లేదండీ."

"అయితే మీరూ రాయకండి."

ఇంటికి వెళితే అన్నం సయించలేదు. భార్య కారణం రాబట్టింది. పెళ్ళయినప్పటినుంచీ సముద్రం చూపిస్తానంటున్న మనిషి, చివరికి మంత్రిగారి సముద్రంలో మునుగుతున్నాడని ఆవిడకు మండింది. "వాళ్ళ సరదాకి మీరెందుకు బలవుతారు? పొద్దున్నే వెళ్ళి ఉన్నమాట ఆయన మొహానే చెప్పేసి రండి," అంది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాడు. మంత్రిగారి ఇంటికి దగ్గరిదారిలో కూలిన వంతెన ఇంకా నీళ్ళలోనే పడి ఉండటంతో, గంటసేపు చుట్టుతిరిగి వెళ్ళాడు.

హాల్లో పెట్టెలు సర్దేసి ఉన్నాయి. మంత్రిగారు నేలమీద చతికిలబడి, మనవడి ఈత ట్యూబులోకి గాలి ఊదుతున్నారు. ఈతకొలను లేని చోటికి ఈ ట్యూబెందుకో సూపరింటెండెంటుకు అర్థంకాలేదు. పెట్టెలకు కట్టిన చీటీలు చదివాడు. ఆరింటి మీదా ఒకటో నంబరు రిసార్టు పేరే ఉంది.

రెండో నంబరు రిసార్టు లేదనీ, అడుగున తన సంతకం ఉందనీ, నాలుగు నెలల్లో రిటైరవుతున్నాననీ గబగబా చెప్పేశాడు.

మంత్రిగారు ట్యూబుకు బిరడా పెట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

"కూర్చోవయ్యా. రెండోదాన్ని రాయించింది నేనే. నేను ఒకటోదానికి వెళ్ళాలంటే ముందు దాన్ని వద్దనాలి కదా? వద్దన్నచోట మనల్ని ఎవడూ వెతకడు. వద్దనాలంటే ఇంకోటి ఉండాలి. ఉన్నదాని పేరు రాస్తే, పాపం వాళ్ళు నాకోసం ఎదురుచూస్తారు. అందుకని లేనిది రాయించాను. నీ సంతకం గురించేగా నీ బెంగ? ఈ పదేళ్ళలో నా కాగితాల మీద ఏడు వంతెనలు సరిచూశావు. ఏడింటికీ అడుగున నువ్వే ఉన్నావు. ఒక్కదానిమీదన్నా ఫిర్యాదు వచ్చిందా? రాదయ్యా. ఆ ఏడూ కాక నేను నిజంగా కట్టించింది ఒక్కటే. అదే కూలింది."