నాయనమ్మ అసలా, నకలా?

తత్వం మాస్టారి ఆ ఉదయపు పథకం చాలా చిన్నది. ఎనిమిదీ పదికి బస్సెక్కాలి, ఎనిమిదిన్నరకు కాలేజీ గేటు దాటాలి, తొమ్మిదింటికల్లా తరగతిలో పన్నెండు మందిని కూర్చోబెట్టాలి. మొదటి రెండూ ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నవే. చిక్కంతా మూడోదానితోనే. ఆయన తరగతిలో ఉన్నది తొమ్మిది మంది. "నేనే వచ్చి తలలు లెక్కపెడతాను. పన్నెండుకి ఒక్కటి తగ్గినా తత్వశాస్త్రం మూసేసి, ఆ గది కెమిస్ట్రీకి ఇచ్చేస్తాను," అని ప్రిన్సిపాల్ మేడమ్ తేల్చి చెప్పేశారు.

పిల్లలు నిలుస్తారన్న ఆశతో మాస్టారు నెల రోజులుగా పుస్తకాలు పక్కన పెట్టి సినిమాలు పట్టుకున్నారు. నిన్న చూపించినదాంట్లో అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన భర్త అసలు భర్తే కాదు, అచ్చుగుద్దినట్టున్న నకలు. భార్య తలుపు తీయబోయే చోట మాస్టారు సినిమా ఆపేశారు. "మనిషిని ఆ మనిషిగా నిలిపేది ఏమిటి? ముఖమా, జ్ఞాపకమా? ఇంట్లోవాళ్ళని పరీక్షించి తేల్చుకు రండి. వచ్చేటప్పుడు తలా ఒక స్నేహితుణ్ణి కూడా లాక్కురండి," అని చెప్పి పంపారు. పిల్లలు తన మాట అక్షరాలా పాటిస్తారని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

ఎనిమిదీ పది అయింది. ఎనిమిదీ నలభై అయింది. బస్సు జాడ లేదు. చివరికి ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమోయ్, ఒక్కసారి స్కూటర్ మీద దింపగలవా? బస్సు చెయ్యిచ్చింది."

"వస్తున్నా. పదింటికి షాపు తెరవాలి, గుర్తుంచుకోండి," అంది ఆయన భార్య. ఆవిడకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది.

కాలేజీ చేరేసరికి ఆవరణ మధ్యలో ఒక బస్సు నిలబడి ఉంది. నంబరు చూస్తే, మాస్టారు అరగంట ఎదురుచూసిన బస్సే. అందులో ఒక్క ప్రయాణికుడూ లేడు. అందరూ ఆయన తరగతిలో ఉన్నారు. బల్లల ముందు బస్సు డ్రైవరు, అతని తల్లి, గుడ్లనీరు కుక్కుకుంటూ అతని కూతురు నిలబడ్డారు. ఆ పిల్ల మాస్టారి తొమ్మిది మందిలో ఒకతె. గుమ్మంలో ప్రిన్సిపాల్ మేడమ్ చేతులు కట్టుకుని ఉన్నారు.

"రోజూ నా బస్సెక్కే మనిషి, నా కొంపకే నిప్పు పెట్టారు కదా సార్!" అన్నాడు డ్రైవరు. "నిన్న సాయంత్రం మా అమ్మ బజారుకెళ్ళొస్తే ఇది తలుపు తియ్యలేదు. నువ్వు మా నాయనమ్మవేనని రుజువేంటని అడిగిందట. నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చోబెట్టింది. పొద్దున్నే నన్నూ అడిగింది, మీరు మా నాన్నేనా అని." అతను బయట నిలబెట్టిన బస్సు వైపు చెయ్యి చూపించాడు. "రెండు స్టాపులు తోలాను. ఇక చేతులు ఆడలేదు సార్. ఇంటికెళ్ళి మా అమ్మని ఎక్కించుకుని నేరుగా ఇక్కడికే తిప్పాను. డ్రైవర్ని నాన్న అని చెప్పుకోడానికి సిగ్గైతే ఆ ముక్కే చెప్పొచ్చు కదా!"

"సిగ్గు కాదు నాన్నా!" అంది కూతురు. "నాయనమ్మని ఏం అడగాలో నాకు తెలుసు. మిమ్మల్ని అడగడానికి ఒక్క ప్రశ్న కూడా దొరకలేదు. నేను లేచేసరికి వెళ్ళిపోతారు, పడుకున్నాక వస్తారు. మీరు దేనికి నవ్వుతారో కూడా నాకు తెలీదు. అందుకే ఇవాళ కాచుక్కూర్చుని మరీ అడిగాను."

డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకుని, కూతుర్ని కూర్చోబెట్టి పక్కనే తనూ కూర్చున్నాడు.

"మరి నన్నెలా నమ్మావే?" అంది నాయనమ్మ.

"'పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ముందు అవి దించు, తర్వాత నన్ను అనుమానిద్దువుగాని' అని కిటికీలోంచి అరిచావుగా. అప్పుడు తీశాను."

ముసలావిడ ఆ ముక్కతో మెత్తబడింది గానీ, మాస్టార్ని వదల్లేదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు నాయనా. అందరికీ పరీక్షలు పెడుతున్నావు, ఇంతకీ నువ్వు అసలువాడివేనా? నీ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

"నేనున్నానండీ," అంది మాస్టారి భార్య, హెల్మెట్ చంకన పెట్టుకుని. ముందుకొచ్చి భర్త ఎదురుగా నిలబడింది. "నాలుగు రోజులైంది, నాలో ఒకటి మారింది. ఏంటో చెప్పండి."

మాస్టారు ఆవిడను తల నుంచి పాదాల దాకా చూశారు.

"హెల్మెట్?"

"ఆరేళ్ళది."

"జుట్టు?"

బస్సు జనం ఘొల్లుమన్నారు. ముందు బల్ల పిల్లలు జాలిపడి, వేళ్ళు సున్నాలుగా చుట్టి కళ్ళ మీద పెట్టుకుని చూపించారు. మాస్టారి ముఖం వెలిగింది.

"కళ్ళు! నిద్ర సరిపోవడం లేదా?"

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, కొత్త ఎర్ర ఫ్రేము కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఈయన అసలువాడేనండీ, సందేహమే లేదు. నకలైతే మొదటిరోజే గమనించి ఉండేది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "నిజమే. నాకు ఫ్రేములు కనపడవు," అన్నారు మెల్లగా. "కానీ నా నడుంనొప్పి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అయినా నన్ను ఎక్కించుకుంటే ప్రతి గుంత దగ్గరా వేగం తగ్గిస్తావు. నీ బదులు ఇంకెవరైనా వస్తే మొదటి గుంతలోనే పట్టేస్తాను."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోయి ఆయన్నే చూస్తూ నిలబడింది.

డ్రైవరు చెయ్యెత్తాడు. "సార్, ఆ సినిమాలో ఆవిడ చివరికి తలుపు తీసిందా?"

ప్రిన్సిపాల్ మేడమ్ తలలు లెక్కపెట్టారు. నలభై ఒకటి. కాగితం మీద వేసుకుని, "కెమిస్ట్రీ గదిలోంచి ఇంకో రెండు బల్లలు తెప్పించండి," అని తనూ కూర్చున్నారు. తత్వశాస్త్రం గది తత్వశాస్త్రానికే మిగిలింది. బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలింది. ఆ సాయంత్రం డ్రైవరు కూతురు తండ్రి వెనక సీట్లో ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, దారంతా ప్రశ్నలు అడిగింది. అతను దేనికి నవ్వుతాడో మూడో స్టాపులోనే తెలిసిపోయింది.

మాస్టారు కూడా బుద్ధి తెచ్చుకున్నారు. వారం తర్వాత, కొద్దిగా తెరిచిన తలుపు సందులోంచి భార్యను చూస్తూనే, "కొత్త చెవిపోగులా? బాగున్నాయి," అన్నారు.

ఆవిడ తలుపు గొలుసు తియ్యకుండానే, "ఎవరండీ మీరు?" అంది.