పిల్లగాలిని ఆపే అద్దం

ఫ్రెంచి–తెలుగు నిఘంటువు కార్యాలయంలో ఒక వింత నియమం ఉంది: చేత్తో ముట్టుకోని వస్తువుకు అర్థం రాయకూడదు. 'నిచ్చెన' రాసినాయన కాలికి ఇంకా కట్టు విప్పలేదు. అందుకే ఆ ఉదయం, ఇంట్లో అందరూ డిక్షనరీ అని పిలిచే కొత్త సహాయకురాలు, భర్త కారు తీసుకుని బావగారి గ్యారేజీకి బయల్దేరింది. అద్దం ముట్టుకోవాలి, పదకొండింటికల్లా అర్థం రాసిన కాగితాలు కార్యాలయం పెద్ద, అందరూ పెద్దాయన అనే సంపాదకుడి బల్ల మీద పెట్టాలి. అంతే పని.

ఆమెకిచ్చిన మాట 'పార్‌బ్రీజ్', కారు ముందద్దం. 'పార్' అంటే అడ్డుకునేది, 'బ్రీజ్' అంటే పిల్లగాలి. పెద్దాయన నిన్న అది చదివి మొహం చిట్లించారు. "కారులో కొట్టేది ఈదురుగాలి కదమ్మా! పిల్లగాలి అని ఎందుకన్నారు? రేపు చెప్పు. చెబితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే..." అని ఆగారు. ఆరునెలలుగా ఆ ఉద్యోగం మీదే ఆశలన్నీ పెట్టుకున్న మనిషికి అన్నం సయించలేదు.

"బావగారూ, అద్దం పూర్తిగా చూడాలి, అంచులతో సహా" అని చెప్పి, లోపల అక్క ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసరికి ఆమె కారు ముందద్దం నేల మీద ఉంది.

"అయ్యో, ఊడదీశారేంటి?"

"అంచులు చూడాలన్నావుగా! అవి లోపలుంటాయమ్మా" అన్నాడు బావ గర్వంగా. ఆ గర్వంలోనే ఒకడుగు వెనక్కి వేశాడు. కాలి కింద అద్దం టప్పుమంది.

"కొత్తది సాయంత్రానికి వస్తుందిలే" అన్నాడు గొంతు తగ్గించి.

గ్యారేజీలో మిగతా కార్లకు చక్రాలు లేవు. పదిన్నర దాటింది. డిక్షనరీ కాగితాలు పక్క సీట్లో పెట్టి, అద్దం లేని కారును నత్తనడకన వీధిలోకి తీసింది. గాలి మొహానికి హాయిగానే తగిలింది. ఆ హాయికే కాగితాలు లేచాయి. ఒకటి దర్జీ కుట్టుమిషను మీద వాలింది. ఇంకొకటి సెలూన్లోకి దూరి, గడ్డం గీయించుకుంటున్న ఒకాయన సబ్బు మొహానికి అతుక్కుంది. ఆయన ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి, మామూలుగా నడుస్తూనే కారును అందుకున్నారు. సగం గడ్డంతో ఉన్నా పెద్దాయనని గుర్తుపట్టడం కష్టం కాలేదు.

"ఏమిటమ్మా ఇది!"

ఉద్యోగం కళ్లముందే ఎగిరిపోయినట్టనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే జవాబు దొరికింది. "సార్, మీరు నడిచొచ్చి కారుని పట్టుకున్నారు! తొలి కార్లూ ఇంత నెమ్మదిగానే పోయేవేమో. వాటికి తగిలింది పిల్లగాలే అయ్యుంటుంది. చూడండి, దానికే నా కాగితాలు ఊరంతా తిరుగుతున్నాయి."

పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నారు. "పోనివ్వు" అన్నారు. వీధి చివరికి చేరేసరికి మొహం మీద సబ్బు ఆరిపోయింది, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. కాగితం మీద ఆమె జవాబు రాసి, 'బహుశా' అని ఒక్క మాట చేర్చి సంతకం పెట్టారు.

"ఉద్యోగం పర్మనెంటమ్మా. తర్వాతి మాట 'పార్‌షాక్'. దెబ్బల్ని అడ్డుకునేది, అంటే బంపర్. సోమవారానికి సిద్ధం చెయ్యి."

ఆ వారమంతా ఆమె భర్త స్నానానికి కూడా కారు తాళం చేత్తో పట్టుకునే వెళ్లాడు.