నీలం తిరిగిన బంగారుతీగ

ప్రతి ఇంటి నుంచీ ఒక మొగుణ్ణి ప్రభుత్వ ఖర్చుతో జర్మనీ పంపాలి! ఇది నా డిమాండ్. ఎందుకంటారా? మంచినీళ్ళు ముంచుకుని తాగటం రాని మనిషి, అక్కడికి వెళ్ళొచ్చేసరికి వంటవాడైపోతాడు. నమ్మరా? మా ఇంట్లో జరిగింది చెబుతాను, వినండి.

మాది బాపట్ల. మా ఆయన శాలేమురాజు ఇక్కడి లూథరన్ సంఘ పెద్దల్లో ఒకరు. క్రిస్మస్‌కు ముందు సంఘం తరపున ఓ పది రోజులు జర్మనీ చూసి వచ్చారు. అక్కడ ఎవరింట్లోనో క్రిస్మస్ చేప పెట్టారట. వేడి వెనిగర్ పోసి ఉడికిస్తే చేప చర్మం నీలం రంగుకు తిరుగుతుందట. కారం లేదు, పసుపు లేదు, చింతపండు లేదు!

"అదీ వంటంటే! మనం మసాలాలు దట్టించి చేపను చంపేస్తున్నాం," అన్నారు ఇల్లు చేరగానే.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను చంపిన చేపలన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందు మెదిలాయి.

ఈ పండక్కి ఆ వంట తనే చేస్తానన్నారు. ఇంతకన్నా అదృష్టం ఏ ఇల్లాలికైనా పడుతుందా?

ఆ వంటకు చేప చివరిదాకా బతికుండాలట. అడవులదీవి నుంచి చేపల గంపతో వచ్చే దానమ్మను అడిగారు. "బతికున్నదెందుకు బాబూ, పెంచుకుంటారా ఏంటి?" అంది దానమ్మ. అన్నదే గాని, మర్నాడు ఎవరి చెరువులోంచో ఒక బంగారుతీగ చేపను బిందెలో వేసుకుని తెచ్చిచ్చింది.

బురద వాసన పోవాలంటే దాన్ని మంచినీళ్ళలో ఉంచాలి. జర్మన్లు తమ స్నానాల తొట్టి దానికి ఇచ్చేస్తారట. మనకు తొట్టి ఎక్కడిది? నేను బట్టలు నానబెట్టే టబ్బును ఆయన బాత్‌రూంలో పెట్టి, చేపను అందులో వదిలి, తలుపు గడియ వేశారు. చేప బెదరకూడదు కదా! పండగ వచ్చేదాకా మేము పెరట్లో పంపు దగ్గర, దుప్పటి అడ్డం కట్టుకుని స్నానాలు చేశాం. డిసెంబరు గాలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఒంట్లో ఎంత చురుకు పుట్టిందనుకున్నారు!

పండగనాడు చర్చి నుంచి రాగానే ఆయన చొక్కా చేతులు మడిచారు. అలవాటు కొద్దీ నేను గల్లుప్పుతో చేపను తోమబోయాను.

"ముట్టుకోకు! ఆ జిగట పోతే నీలం రాదు!" అని కేకేశారు.

చూశారా! అత్తలూ కోడళ్ళూ తరతరాలుగా చేప తోమి ఎంత పొద్దు వృథా చేసుకున్నారో!

ఆయనకు నేను చేసిన సాయం చెప్పుకోదగ్గదేం కాదు. ఉల్లిపాయలు తరిగాను, బంగాళాదుంపలు ఉడకబెట్టాను, వెన్న కరిగించాను, ఆయన వాడిన గిన్నెలు తోమాను. అక్కడ ఏదో ఘాటైన దుంప తురిమి పక్కన పెడతారట. అది మన బజార్లో లేదు కాబట్టి ముల్లంగి తురిమాను. వంట మాత్రం ఆయనదే. అంటే, వెనిగర్ పోసింది ఆయనే.

ఉన్నమాట చెప్పుకోవాలి. నీలం తిరిగింది! అచ్చం పాము కరిచినట్టు!

రేపల్లె నుంచి మా ఆయన అక్కగారు ఫ్లోరెన్స్ వదిన వచ్చారు. తెనాలి నుంచి మా మరిది ఏసుబాబు వచ్చాడు. ముందు ఫొటోలు. తర్వాత ముద్దలు.

"మా తమ్ముడి చేతిలో ఏముందో గానీ, ఎంత నాజూగ్గా ఉందే స్నేహలతా!" అన్నారు వదినగారు.

"ఫైవ్ స్టార్ హోటల్లో తిన్నట్టుందన్నయ్యా!" అన్నాడు ఏసుబాబు. తెనాలి స్టేషను ఎదురు హోటలు దాటి అతనెక్కడా తిన్నట్టు నాకు తెలియదు.

అందరూ చాలా నెమ్మదిగా నమిలారు. గొప్ప రుచులు అంత తొందరగా గొంతు దిగవు. వదినగారి పళ్ళెంలో చేపముక్క బంగాళాదుంప కిందికి ఎలా చేరిందో మాత్రం నాకర్థం కాలేదు. మా ఆయన కూడా ముద్దకో గ్లాసు నీళ్ళు తాగారు.

కాసేపటికి వదినగారు వంటింట్లోకి వచ్చారు. "కాస్త అన్నం ఉందా అమ్మాయ్? షుగర్ మాత్ర వేసుకోవాలి."

అన్నం ఉంది. తెల్లారగట్ల కాచి మూతపెట్టిన కొరమేను పులుసూ ఉంది. మూత తీశానో లేదో ఏసుబాబు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఆ వెనకే మా ఆయన, "పారేయటం ఎందుకులే," అంటూ.

ముగ్గురూ అక్కడే పీటలేసుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి పులుసు మోచేతికి కారుతోంది.

"పులుపు కాస్త ఎక్కువైనట్టుందే," అన్నారు వదినగారు, మూడోసారి వడ్డించుకుంటూ.

"ముక్క ఇంకాస్త ఉడకాల్సింది వదినా," అన్నాడు ఏసుబాబు, ముల్లు చీకుతూ.

"చెబితే వింటేగా!" అన్నారు జర్మనీ వెళ్ళొచ్చినాయన.

నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? ఎంతమాట! చేతులు తుడుచుకుని చాలా వినయంగా చెప్పాను. "నిజమేనండి. అందుకే ఇకనుంచి పండగలకీ ఆదివారాలకీ చేప మీ తమ్ముడుగారే వండుతారు వదినగారూ. ఈస్టర్‌కి తప్పకుండా రండి."

వదినగారి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఏసుబాబు ముల్లు వదిలేసి నా వంక చూశాడు.

"అదేంటే!" అన్నారావిడ కంగారుగా. "నువ్వుండగా వాడెందుకు?"

అయ్యా, అమ్మా! పెళ్ళయ్యాక నా వంటకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. దానికోసం పాపం, ఒక బంగారుతీగ నీలం తిరగాల్సి వచ్చింది.