ఆగని మోరి

చింతపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే సోంబరుకు తన చేతిపనిమీద నమ్మకం జాస్తి. ఆ ఉదయం అతని పథకం సులువే. పదింటికి టైడా కాటేజీల ముందు చిన్నమ్మలు బృందం చేతులు కలిపి, గొలుసు కట్టి థింసా నాట్యం ఆడుతుంది. సన్నాయిలా ఊదే మోరి మాత్రం అతను సొంతంగా తయారుచేసిన పెట్టెలోంచి మోగుతుంది. మోరి ఊదే మంగ్లుకు ముందురోజే రెండు ముందుపళ్లు పీకారు మరి. ఆట అతిథులకు నచ్చితే సీజనంతా పని ఇస్తానని మేనేజరు లక్ష్మీప్రసాద్ మాటిచ్చాడు. నచ్చకపోతే ఇంకో బృందాన్ని పిలుస్తాడు.

పళ్లు పోకముందే మంగ్లు ఊదిన రాగాన్ని సోంబరు పెట్టెలో ఎక్కించాడు. మీట నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది.

"కరెంటు పోతే ఏటి సేత్తావురా?" అంది చిన్నమ్మలు.

"లోపల బ్యాటరీ ఎట్టీసేను పిన్నీ. కొండ కూలినా ఆగదు."

ఘాటురోడ్డు కుదుపులకు దెబ్బ తగలకుండా పెట్టెను కాఫీగింజల బస్తాలో కూరి తెచ్చాడు. ఆ తెలివే కొంప ముంచింది. టైడాలో మీట నొక్కాడు, రాగం ఖంగుమంది. వదిలాడు, ఆగలేదు. మీట సందులో కాఫీగింజ ఇరుక్కుంది.

"సిన్న బగ్గు," అంటూ సోంబరు పెట్టె పక్కనున్న వేగం మర తిప్పాడు. మర చేతికి ఊడివచ్చింది, రాగం వేగం రెట్టింపైంది. మూతకు నాలుగు స్క్రూలు. స్క్రూడ్రైవరు జీపులో ఉంది. జీపు ఇంకో బేరానికి వెళ్లిపోయింది.

మోరి ఆగేదాకా గొలుసు విడకూడదన్నది వాళ్ల ఊరి కట్టుబాటు. ఆడవాళ్లు చేతులు వదల్లేదు. ఇదేదో సరదాగా ఉందని అతిథులూ కలిశారు. ఆపించడానికొచ్చిన లక్ష్మీప్రసాద్ చెయ్యి చిన్నమ్మలు పట్టేసుకుంది. పెట్టె దగ్గరికి పరిగెత్తబోయిన సోంబరునూ గొలుసు తోక లాగేసుకుంది.

"ఆపండమ్మా! గుండె ఆగిపోయేలా ఉంది!" అని మేనేజరు రొప్పాడు.

"మోరి ఆగనేదు బాబూ! అడుగు తప్పకండి!"

ఊదకపోయినా ఆనవాయితీ కోసం మోరిని పెదాలకు ఆనించి నిలబడ్డ మంగ్లు, మేనేజరు గెంతులు చూసి ఇక నవ్వు పట్టలేకపోయాడు. మోరి దించి బోసిగా నవ్వేశాడు.

"ఆగింది, ఒగ్గీండి!" అంది చిన్నమ్మలు వెంటనే. అందరూ గడ్డిమీద కూలబడ్డారు.

"పెట్టె ఇంకా మోగతంది గదా పిన్నీ!" అన్నాడు సోంబరు.

"పెట్టె మోరేటిరా? మోరంటే మంగ్లుది. ఆడు దించితేనే ఆగినట్టు."

"పెట్టె ఆగితే దించుదారని నాను సూత్తన్నాను," అన్నాడు మంగ్లు.

మేనేజరు ఆయాసం చూసి సోంబరుకు మొదటిసారి సిగ్గేసింది. తన పెట్టెవల్ల అందరి పనీ పోయిందనుకున్నాడు. ఇంతలో అతిథులు మేనేజరు చుట్టూ మూగి, రేపు కూడా ఇదే ఆట కావాలన్నారు.

"సీజనంతా మీరే రండి. పెట్టెను మాత్రం బాగుచెయ్యొద్దు," అన్నాడు లక్ష్మీప్రసాద్, పడుకునే.

ఆ సీజనంతా మంగ్లు ఒక్క రాగమూ ఊదలేదు. మోరి దించినందుకే రోజూ చప్పట్లు కొట్టించుకున్నాడు.