బయట తాళం, లోపల ఇంటర్వ్యూ

పదకొండింటికి సాయిప్రియకు ఇంటర్వ్యూ. ఇంట్లోనే, లాప్‌టాప్ ముందు. టీమ్ లీడర్ పదవికి ఆమె ప్రయత్నించడం ఇది మూడోసారి. మొదటిసారి సరిగ్గా ఆ వేళకే గ్యాస్ బండ వచ్చింది. రెండోసారి భర్త జగదీశ్వర్ గోదాం తాళంచెవి వెతుక్కుంటూ, నడుముకు తువ్వాలుతో కెమెరాలోకి నడిచొచ్చాడు. ఇంటినుంచి పనిచేసే ఆడవాళ్లకు పని మీద ధ్యాస నిలవదని మేనేజర్ నిఖిలేష్ ఆరోజే రాసిపెట్టుకున్నాడు. తువ్వాలుతో తిరిగిన మగవాడి గురించి ఎవరూ ఏమీ రాయలేదు. ఈసారీ చేజారితే మళ్లీ పిలవరని సాయిప్రియకు తెలుసు.

కిషన్‌బాగ్‌లోని ఆ గల్లీలో సాయిప్రియ ఇంట్లో ఉంటుందంటే ఖాళీగా ఉంటుందనే లెక్క. బజారుకు పోయేవాళ్లు ఇంటి తాళంచెవి ఆమెకే ఇచ్చి పోతారు. అందరి పార్సెళ్లూ ఆమె గుమ్మంలోనే దిగుతాయి. అందుకే ఆ పొద్దున ముప్పావు గంట తనను వదిలేయమని భర్తను బతిమాలింది.

"కూసోని మాట్లాడేదానికి గింత లొల్లా? ఇంట్లనే ఉంటవ్ గద," అని జగదీశ్వర్ అఫ్జల్‌గంజ్‌లోని తన ఎండుమిర్చి దుకాణానికి వెళ్లిపోయాడు. అత్త నాగమణమ్మ మాత్రం ఎన్నింటికని ఒక్క మాట అడిగి, జొన్నల సంచి చంకన పెట్టుకుని పిండిగిర్నికి బయలుదేరింది.

పదకొండూ పదికి పక్కింటి ఆగమ్మ బజారునుంచి తిరిగొచ్చి, తన తాళంచెవి కోసం ఆ గుమ్మం ఎక్కింది. తలుపుకు పిడికిలంత తాళం వేలాడుతోంది. లోపలినుంచి సాయిప్రియ గొంతు వినబడుతోంది. ఆగమ్మ కిటికీకి చెవి ఆనించింది. ఆ ఇంగ్లీషులో ఆమెకు అర్థమైనవి మూడే మాటలు. ప్లీజ్, ఫ్యామిలీ, లాస్ట్ ఛాన్స్. కథ మొత్తం అల్లుకోవడానికి అవి చాలాయి.

వెంటనే జగదీశ్వర్‌కు ఫోన్ కొట్టింది. "మీ అమ్మ నీ పెండ్లాన్ని లోపలేసి తాళం పెట్టి పోయింది. పిల్ల బతిమాలుకుంటున్నది. జల్ది రా."

జగదీశ్వర్ బండి తీస్తూ తల్లికి ఫోన్ చేశాడు. నాగమణమ్మ ఫోన్ వంటింటి అలమరలో ఉండి, భజన పాటతో ఇల్లంతా మోగించింది. అయిదోసారి మోగేసరికి సాయిప్రియ క్షమించమని చెప్పి, పరుగున వెళ్లి దాని నోరు నొక్కింది. బయట గోల వినబడి, ఊరుకోమని చెబుదామని వీధి తలుపు లాగింది. రాలేదు. అత్త పొద్దున ఎన్నింటికని అడిగింది ఇందుకా అనిపించింది. ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి తీరిక లేదు. కళ్లు తుడుచుకుని కెమెరా ముందు కూర్చుంది.

ఆ కరకర చప్పుడేమిటని నిఖిలేష్ అడిగాడు. పక్కింటివాళ్ల పని అని చెప్పింది. అది నిజమే. ఆగమ్మ భర్త ప్రకాశం ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. నాలుగేళ్ల తర్వాత దొరికిన పని కదా, రంపం తెచ్చి ఆ తాళాన్ని మనసుపెట్టి కోస్తున్నాడు. చుట్టూ గల్లీ అంతా చేరి సలహాలిస్తోంది.

తెర మీద నిఖిలేష్ పక్కనున్న పై అధికారి వాసవాంబ చివరి ప్రశ్న అడిగింది. "ఇంట్లో గొడవ వస్తే పన్నెండుమంది పని ఎలా నడిపిస్తారు?"

సాయిప్రియ నోరు తెరిచేలోగా తాళం తెగి పడింది. ఆగమ్మ గదిలోకి వచ్చి ఆమెను గుండెకు హత్తుకుంది. వెనకాల రంపంతో ప్రకాశం, హెల్మెట్‌తో జగదీశ్వర్. జగదీశ్వర్ భార్యను ఎగాదిగా చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం గాలేదు గద. సరే, ఇంతమంది వచ్చిన్రు. చాయ్ పెట్టు."

తెర మీద నిఖిలేష్ తల వంచి ఏదో రాయడం మొదలుపెట్టాడు. సాయిప్రియ అది చూసింది.

అప్పుడు పిండి డబ్బాతో నాగమణమ్మ వచ్చింది. తెగిన తాళాన్ని చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూసింది.

"నేనే ఏసిన. మూడేండ్ల సంది చూస్తున్న, పిల్ల పనిల కూసుంటే ఒక్కలన్న ఆగిన్రా?" అని కొడుకువైపు తిరిగింది. "ఆమెను లోపల పెట్టి ఏసిన తాళం గాదురా అది. నిన్ను బయట పెట్టి ఏసింది."

సాయిప్రియకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే ఏడుపు. లేచి నిలబడింది.

"అత్తమ్మా, ఇంకోసారి నాకు చెప్పి ఎయ్యి. పెద్దమ్మా, నీ తాళంచెవి మేకుకుంది, తీస్కో. చాయ్ ఆయన పెడ్తడు. నాకింక పది నిమిషాల పనుంది," అని అందరినీ గది బయటికి పంపి, లోపల గడియ పెట్టుకుంది.

"మీరడిగినదానికి నా జవాబు ఇదే మేడమ్," అంది తెరవైపు తిరిగి.

వాసవాంబ చాలాసేపు నవ్వింది. రాయడం ఆపమని నిఖిలేష్‌కు చెప్పి, సోమవారం నుంచి టీమ్ సాయిప్రియదేనని తేల్చేసింది.

ఆ పూట చాయ్ జగదీశ్వరే పెట్టాడు. చక్కెర ఎక్కడుందో అడగడానికి మాత్రం రెండుసార్లు తలుపు తట్టాడు.