నులిపురుగుల్లేని వార్డు

"నీళ్లు మరగబెడుతూ కూర్చుంటే గ్యాస్ ఎవడి బాబు తెచ్చిపెడతాడు?" అని అత్తగారు. "పిల్ల పొట్ట చూడండి, కుండలా ఉంది" అని నేను. పొద్దుటినుంచీ అదే గొడవ. మా వీధి మంచినీళ్ల గొట్టం మురుగుకాలవ లోంచే వస్తుంది. ఎక్కడో పగిలింది కూడా.

అంతలో వార్డు నాయకులైన మా బావగారు గదిలోంచి వచ్చి ప్రకటించారు.

"మనది నులిపురుగుల రహిత వార్డు కాబోతోంది! మంత్రిగారే వచ్చి అవార్డిస్తారు."

"పురుగులు పోయాయా బావగారూ?"

"అవార్డొచ్చాక పోతాయమ్మా."

బావగారు ముందుచూపున్న మనిషి. వీధి కుళాయి నీళ్లు ముట్టరు. ఆయనకు వేరే క్యాను. అత్తగారు స్వయంగా తెచ్చి గదిలో పెడతారు.

ఆరోగ్యశాఖవాళ్లు ఇంటింటికీ మలపరీక్ష డబ్బాలు పంచారు. పురుగులు కనబడితే గొట్టం మార్చాలట, కనబడకపోతే అవార్డట. నేను పిల్లది పంపబోతే బావగారు డబ్బా లాక్కున్నారు.

"నీ కూతురి కడుపుతో వార్డు పరువు తీస్తావా?"

"మరి డబ్బాలో ఏం పెడతారు?"

"నాది శుభ్రమైన కడుపు. అందరి తరఫునా నేనే ఇస్తాను."

ఇచ్చారు. ప్రజల కోసం ఇంత లోపలినుంచి కష్టపడిన నాయకుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన భార్య, మా తోడికోడలు, ముక్కుకు కొంగు చుట్టుకుని డబ్బాల మీద ఇంటి నంబర్లు అంటించింది.

సభలో మంత్రిగారు దండ వేయబోతుండగా ఆరోగ్యశాఖ డాక్టరమ్మ మైకు అందుకుంది.

"సార్, ప్రతి ఇంట్లోనూ పురుగులే. గొట్టం వెంటనే మార్చాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. దండ గాల్లో ఆగిపోయింది. బావగారు ఉండబట్టలేక చేతులు జోడించారు.

"సార్! ఆ డబ్బాలన్నీ నావే. ప్రజలు ఏ పాపమూ ఎరగరు!"

మంత్రిగారు ఆలోచించారు. "అంటే ప్రజల్లో పురుగులున్నట్టు రుజువు లేదన్నమాట."

"ఒక్కటీ లేదు సార్!"

చప్పట్లు. వార్డుకు అవార్డు, బావగారికి మాత్ర. గొట్టం ఫైలు అక్కడికక్కడే మూసేశారు.

ఆ సాయంత్రం అందరం భోజనాలకు కూర్చున్నాం. బావగారు అవార్డును గోడకు ఆనించి, పొట్ట నిమురుకుంటూ బెంగపడ్డారు.

"క్యాను నీళ్లు తప్ప చుక్క ముట్టనే! నాకెలా వచ్చాయంటావే అమ్మా?"

పిల్ల కంచం తోసేసి, కడుపు పట్టుకుని నా మీదికి ఒరిగింది. అత్తగారు దాని వంకే కాసేపు చూశారు. వడ్డించడం ఆపకుండా, అందరికీ వినబడేలా నెమ్మదిగా అన్నారు.

"రేపటినుంచి ఇంట్లో అందరికీ మరగబెట్టిన నీళ్లే. క్యానులో పోసేవి కూడా."